18 అడుగుల తెరచాప పడవకు 4 హెచ్‌పీ మోటర్ సరిపోతుందా? లోయర్ మానేరు డ్యామ్ (ఎల్‌ఎండీ)లో వాడి చూశాక రాస్తున్నా

సరిపోతుంది. తీర్పు ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఈ ప్రశ్న నన్ను హన్మకొండలో, కరీంనగర్‌లో కలిసిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు, అడిగి నేను జవాబు చెప్పేలోపే "చిన్నదైపోదా అన్నా?" అని వాళ్లే అనేస్తున్నారు. కాదు, చిన్నది కాదు. పడవ 18 అడుగులు, మనుషులు నలుగురు, నీళ్లు లోయర్ మానేరు డ్యామ్ లాంటివి అయితే యమహా వాళ్ల 4 హెచ్‌పీ మోటర్ ఎఫ్4 చాలు. అంతకంటే పెద్దది బిగిస్తే డబ్బు వృథా అవడం ఒక్కటే కాదు, పడవ నడక కూడా చెడుతుంది. ఎందుకో వివరంగా రాస్తాను, కొనేముందు ఎవరికైనా పనికొస్తుంది.

ముందు మా పడవ సంగతి. ఫైబర్‌ది, అడుగున బరువు కట్టినది, హైదరాబాద్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో మా స్నేహితులం కలిసి కొన్నాం. హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఉంది, ఆర్మీలోని ఈఎంఈ విభాగం వాళ్ల సెయిలింగ్ అసోసియేషన్ ఉంది, అక్కడ పిల్లలు నడిపే చిన్న పోటీ పడవలకు అసలు మోటరే ఉండదు. గాలి ఆగిపోతే తోడు పడవ వచ్చి తాడు కట్టి లాక్కుపోతుంది. ఎల్‌ఎండీలో మనకు తోడు పడవ ఎక్కడిది? గాలి పడిపోయినా, గాలి ముదిరినా ఒడ్డుకు చేర్చాల్సింది వెనక తగిలించిన ఆ మోటరే. కాబట్టి దాన్ని షోకు కోసం కాకుండా ప్రాణం మీదికి వచ్చినప్పుడు పని చేయాలన్న లెక్కతో ఎంచుకోవాలి.

మేం మోటర్ కోసం తిరిగినప్పుడు ఒక డీలర్ (పేరు వద్దు) పడవ కొలతలు అడగకుండానే 9.9 హెచ్‌పీది తీసుకోమన్నాడు. "సార్, ఫ్యూచర్‌లో పెద్ద పడవ కొన్నా పనికొస్తది, పవర్ ఎక్కువుంటే నష్టమేముంది?" ఇదీ ఆయన వాదన. నష్టం ఉంది. పడవ బరువెంత, నీళ్లలో మునిగి ఉండే పొడవెంత, మోటర్ తగిలించే వెనక పలక ఎత్తెంత అని ఒక్క ప్రశ్న వేయకుండా హార్స్‌పవర్ చెప్పేవాళ్ల దగ్గర మోటర్ కొనకండి. మన దగ్గర బోరుకు మోటర్ దించేటప్పుడు ఎవరైనా లోతు, నీళ్ల మట్టం, పైపు సైజు అడగకుండా ఏడున్నర వేసుకో అంటే ఊరుకుంటామా? ఇదీ అంతే.

అసలు విషయం ఇది. ఇలా బరువైన, నీళ్లను చీల్చుకుంటూ పోయే పడవకు ఒక వేగం దగ్గర గోడ లాంటిది ఉంటుంది. పడవ కదులుతుంటే ముందు ఒక అల, వెనక ఒక అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు అలల మధ్య దూరం పెరిగి, చివరికి పడవ పొడవంత అవుతుంది. అక్కడి నుంచి పడవ తన అల మధ్యలోనే గుంటలో కూర్చున్నట్టు ఇరుక్కుంటుంది. ఎంత రేస్ ఇచ్చినా ఆ ముందు అలను ఎక్కలేదు. దీనికి పాత లెక్క ఒకటి ఉంది: నీళ్లను తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. మా పడవ 18 అడుగులు అయినా నీళ్లను తాకేది 16 అడుగులే. 16కి వర్గమూలం 4, దాన్ని 1.34తో గుణిస్తే 5.36 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, అంటే మా పడవకు గంటకు దాదాపు 10 కిలోమీటర్లు. అంతే. మీరు 4 పెట్టినా, 40 పెట్టినా ఈ పడవ హాయిగా పోయే గరిష్ఠ వేగం అదే.

ఇంకో ముక్క. ఆ గోడ దగ్గరికి పోయే దారి కూడా చాలా ఖరీదు. పవర్ అవసరం సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే 8 నుంచి 10 కిలోమీటర్లకు పెంచాలంటే ఆ లెక్క ప్రకారమే దాదాపు రెట్టింపు పవర్ కావాలి, గోడ దగ్గరపడ్డాక నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. గంటకు 2 కిలోమీటర్ల కోసం! ఎల్‌ఎండీలో ఈ కట్ట నుంచి ఆ ఒడ్డుకు పోవడానికి ఆ 2 కిలోమీటర్ల తేడాతో ఒరిగేదేమీ లేదు.

సరే, అయితే ఎంత కావాలి? చాలామంది వాడే మోటు లెక్క ఏమిటంటే టన్ను బరువుకు 4 హెచ్‌పీ. బరువు అంటే పడవ ఒక్కటే కాదు, మనుషులు, లంగరు, నీళ్ల క్యాన్లు, పెట్రోలు, టిఫిన్ డబ్బాలతో సహా. మా పడవ ఉత్తదే దాదాపు నాలుగున్నర క్వింటాళ్లు, నలుగురు ఎక్కితే ఇంకో రెండు క్వింటాళ్ల ఎనభై, సామాను కలిపి 8 క్వింటాళ్లు. అంటే 3.2 హెచ్‌పీ. మేం చూసిన సైజులు 2.5, 4, 5, 6, తర్వాత 8, 9.9. కాబట్టి మా లెక్క 4 దగ్గర ఆగింది.

కాగితం మీది లెక్క ఒకటి, ఆషాఢం గాలి ఇంకొకటి. తెలిసినవాళ్ల దగ్గర 2.5 మోటర్ తెచ్చి బిగించి చూశాం. గాలి లేని పొద్దున పూట దానికి వంక పెట్టలేం, చప్పుడు తక్కువ, పడవ నిమ్మళంగా పోతుంది. కానీ గాలి తిరిగాక కథ మారింది. తెరచాప దించేసినా స్తంభం, తాళ్లు, పడవ పక్కలు గాలికి అడ్డమే కదా, ఎదురుగాలిలో అది నడక వేగం కంటే కిందికి పడిపోయింది, ఒక్కోసారి నిలబడిపోయినట్టే అనిపించింది. ఎల్‌ఎండీలో ఇది చిన్న విషయం కాదు. వానాకాలం గాలి ఎక్కువగా పడమర నుంచి కట్ట వైపు కొడుతుంది, కట్ట పొడవునా రాతి పేర్పు. మోటర్ చాలక వెనక్కి జారితే పోయి పడేది ఆ రాళ్ల మీదే. ఇసుక ఒడ్డు అయితే పడవ దిగి నెట్టుకోవచ్చు, రాళ్ల మీద అలలు ఎత్తెత్తి కొడుతుంటే ఫైబర్ ఎంతసేపు ఆగుతుంది? అందుకే 2.5ను పక్కన పెట్టాం. అదే గాలికి 4తో మేం గంటకు 5 కిలోమీటర్లు పోగలిగాం. తక్కువే, కానీ మనం అనుకున్న దిక్కుకు పోతున్నాం, అది ముఖ్యం.

9.9 కూడా తగిలించి చూశాం. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని చూస్తే గంటకు 10 దాటీ దాటనట్టు ఉంది, పడవ వెనక భాగం మాత్రం నీళ్లలోకి దిగిపోయింది, ముక్కు ఆకాశం చూస్తోంది. ఇంకా రేస్ ఇస్తే వెనక పలక మీదుగా నీళ్లు లోపలికి వస్తాయేమోనని టెన్షన్. మోటర్ బరువే 40 కిలోల దాకా ఉంటుంది, దాని పక్కన స్టీరింగ్ పట్టుకుని ఒక మనిషి, అంటే పడవ చివర అంగుళం జాగాలో క్వింటాలు పైన బరువు. ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకరు చూసి "గంత బరువు ఎనకనే ఏస్తే ముందటికెట్ల పోతది తమ్మీ?" అన్నాడు. డీలర్ వేయని ప్రశ్న ఆయన వేశాడు. తెరచాపతో పోయేటప్పుడు కూడా ఆ బరువు వెనకే వేలాడుతూ ఉంటుందని మరిచిపోవద్దు, మనం మోటర్ వాడేది రాకపోకలకే, మిగతా సమయమంతా అది ఉత్త బరువు.

ఇక 4, 5, 6ల మధ్య ఏది? ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఉంది. యమహాలో ఈ మూడూ ఒకే 139 సీసీ ఇంజిన్, ఒక్కటే సిలిండర్, బరువు కూడా అటూఇటూ 27 కిలోలే. టొహాట్సులోనూ అంతే, అక్కడ ఇంజిన్ 123 సీసీ. సుజుకీలో 138 సీసీ. తేడా ఎక్కువగా కార్బురేటర్, ఆర్‌పీఎం దగ్గరే. కాబట్టి బరువు భయంతో 6 వదిలి 4 కొనేవాళ్లు ఆ లెక్క మానుకోవచ్చు. ఎవరైనా శ్రీరాంసాగర్ మీద దూరాలు పోయేవాళ్లు, లేదా ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడవ దింపేవాళ్లు నన్ను అడిగితే 6 తీసుకోమనే చెప్తాను. పారే నీళ్లలో లెక్క వేరు. నది వేగం మనకు ఎదురైతే మన పదిలోంచి అది తీసేయాలి, మిగిలిందే మన నడక. (గేట్లు ఎత్తిన రోజు ఏ మోటరూ చాలదు, ఆ రోజు పడవ కట్టేసి ఉంచాలి.) ఎల్‌ఎండీలో ప్రవాహం బాధ లేదు కాబట్టి మాకు 4 చాలు. తాపీగా తిరుగుతుంది, మాకు ఒకటే సైజు దొరికి అది 6 అయినా బాధపడేవాణ్ని కాదు.

లక్నవరం లాంటి చోట, చుట్టూ గుట్టలు, మధ్యలో దీవులు, గాలి అంతగా తాకని నీళ్లు అయితే 2.5 కూడా దండిగా సరిపోతుంది.

హెచ్‌పీ గురించి ఇంత మాట్లాడుకుంటాం కానీ, నన్నడిగితే అంతకంటే ముఖ్యమైనది షాఫ్ట్ పొడవు, అంటే పలక నుంచి నీళ్లలో తిరిగే ఫ్యాన్ (ప్రొపెల్లర్) దగ్గరి దాకా దిగే కాడ పొడవు. ఇది తప్పితే 9.9 అయినా గాలిలో తిరిగే ఫ్యానే. చిన్న మోటర్లు మామూలుగా రెండు పొడవుల్లో వస్తాయి: షార్ట్ అంటే 15 అంగుళాలు, లాంగ్ అంటే 20. తెరచాప పడవల కోసమే 25 అంగుళాల షాఫ్ట్‌తో టొహాట్సు 6 హెచ్‌పీలో సెయిల్ ప్రో అని ఒకటి చేస్తుంది. కొలిచే పద్ధతి సులువు. మోటర్ తగిలించే పలక పైఅంచు నుంచి పడవ అడుగు దాకా టేపుతో నిటారుగా కొలవాలి. మాది 19 అంగుళాలకు కొంచెం తక్కువ వచ్చింది, కాబట్టి లాంగ్. ఫ్యాన్ పైన చిన్న రెక్క లాంటి ప్లేటు ఉంటుంది చూడండి, అది పడవ అడుగు కంటే కాస్త కిందికి ఉండాలి. మోటర్ పడవలకు అంగుళం చాలంటారు, మన పడవలు ముందుకూ వెనక్కూ ఊగుతాయి కాబట్టి ఇంకా లోతుగా ఉంటేనే మంచిది.

ఇది నేనే దగ్గర నుంచి చూశాను. మా పడవకు ఆ 2.5ను షార్ట్ షాఫ్ట్‌తోనే పెట్టాం, అదొక్కటే దొరికింది. లంగరు తీయడానికి ఇద్దరు ముందుకు పోగానే పడవ వెనక భాగం పైకి లేచింది, ఫ్యాన్ నీళ్ల పైకి వచ్చి గాలిని మింగింది, ఇంజిన్ ఒక్కసారిగా గీ... అని కేక పెట్టింది, పడవ మాత్రం అక్కడే ఉంది. ఫ్యాన్ చుట్టూ తెల్లటి నురుగు, బుడగలు, తోపుడు సున్నా. వాళ్లు వెనక్కి వచ్చి కూర్చోగానే గొంతు తగ్గి మళ్లీ నీళ్లు పట్టింది. ఇదే గాలివానలో, అల వచ్చిన ప్రతిసారీ జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఫ్యాన్ గురించి కూడా ఒక మాట. దాని మీద రెండు అంకెలు రాసి ఉంటాయి, ఒకటి వెడల్పు, రెండోది పిచ్. పిచ్ 7 అంటే జారుడు లేకుండా ఒక్క చుట్టు తిరిగితే 7 అంగుళాలు ముందుకు పోవాలని లెక్క. ఇంజిన్ 5000 ఆర్‌పీఎంలో ఉందనుకోండి, గేర్ 2.08కి 1, అంటే ఫ్యాన్ నిమిషానికి 2400 చుట్లు. 7 పిచ్ అయితే కాగితం మీద గంటకు 25 కిలోమీటర్ల పైన రావాలి. మన పడవ పదే దాటదు కదా. అంటే ఆ పిచ్ తేలికైన, ఎగిరిపోయే రబ్బరు పడవలకు పెట్టింది, మనకు కాదు. కంపెనీ ఇచ్చే వాటిలో తక్కువ పిచ్ ఫ్యాన్ అడిగి తీసుకోండి. టాప్ స్పీడ్ ఏమీ తగ్గదు, ఎదురుగాలిలో తోపుడు బాగుంటుంది, ఆపేటప్పుడు రివర్స్ కూడా గట్టిగా పడుతుంది.

ఎఫ్4లో నాకు బాగా నచ్చింది రివర్స్ గేరే. హోండా 2.3, సుజుకీ 2.5 లాంటి చిన్నవాటిలో రివర్స్ గేర్ ఉండదు, మోటర్‌ను మొత్తం చుట్టూ తిప్పి వెనక్కి పోవాలి. అలవాటైతే ఫర్వాలేదు గానీ, ఒడ్డు దగ్గర గాలి తోస్తుంటే, ఒక చేత్తో తాడు, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకున్నప్పుడు తిప్పడం ఇబ్బంది. ముందు, న్యూట్రల్, వెనక అని మూడూ ఉంటే ఒడ్డుకు చేరడం చాలా సులువు. తాడు లాగి స్టార్ట్ చేయాలి, చల్లగా ఉంటే చోక్ వేయాలి, మా చెల్లె కూడా లాగేస్తుంది, అంత కష్టమేమీ కాదు.

నచ్చనివీ చెప్పాలి. ఒకటే సిలిండర్ కాబట్టి స్లోలో పెడితే పడవంతా వణుకుతుంది, కూర్చున్న పలక దగ్గర నుంచి పళ్ల దాకా తెలుస్తుంది. ఈ సైజు ఏ కంపెనీదైనా ఇంతే, కాస్త రేస్ పెంచితే సర్దుకుంటుంది. లోపల ఉన్న ట్యాంకు లీటరు చిల్లరే. సగం రేస్‌లో మాకు గంటకు లీటరు లోపే తాగుతోంది, ఫుల్‌లో గంటకు లీటరున్నర పైనే, అంటే గాలి ముదిరి ఫుల్ ఇవ్వాల్సిన సమయంలోనే ట్యాంకు ఖాళీ అవుతుంది. ఊగుతున్న పడవలో గరాటు పెట్టి పెట్రోలు పోయడం ఎవరికీ వద్దు. బయటి 12 లీటర్ల ట్యాంకు, పైపు కూడా కలిపే కొనండి, పెట్టుకునే సదుపాయం దీనికి ఉంది. 27 కిలోలు కారు డిక్కీ నుంచి కట్ట దిగి నీళ్ల దాకా మోయడం కూడా తేలిక కాదు, ఇద్దరు కావాలి.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. చాలా ఔట్‌బోర్డ్ మోటర్ల (ఇలా పడవ వెనక తగిలించేవాటి) పుస్తకాల్లో 10 శాతం దాకానే అనుమతి అని రాసి ఉంటుంది. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, నీళ్ల మీద ఉండే మోటర్‌కు అది ఇంకా ఇబ్బంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్ జిగురు పట్టేస్తుంది. మేం ఒడ్డుకు వచ్చే ముందు పెట్రోలు పైపు తీసేసి, ఇంజిన్ తనంతట తనే ఆగిపోయేదాకా నడిపిస్తాం, కార్బురేటర్ ఖాళీ అవుతుంది. మిగిలిన పెట్రోలు బైక్‌లో పోసేస్తాం. మీ మోడల్ పుస్తకంలో ఏం రాసి ఉందో కొనేముందే చూడండి.

మన చెరువుల్లో ఇంకో శత్రువు నాచు, వలలు. మోటర్ వెనక సన్నటి నీటి ధార ఒకటి పడుతూ ఉంటుంది, ఇంజిన్ చల్లబడుతోందని గుర్తు. అది సన్నబడినా, ఆగినా వెంటనే ఆఫ్ చేయాలి, నీళ్లు పీల్చే జాలీలో నాచు ఇరికి ఉండొచ్చు. చేపల వలలు పొద్దున్నే నీళ్లలో ఉంటాయి, థర్మకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో తేలుతుంటే వాటి మధ్య నుంచి పోవద్దు. ఫ్యాన్‌కు నైలాన్ దారం చుట్టుకుంటే మన మోటర్ ఆగుతుంది సరే, వాళ్ల వల చిరిగితే ఆ రోజు కూలి పోతుంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే మొద్దులు, రాళ్లు పైకి వస్తాయి. చిన్న మోటర్లు చాలావాటిలో ఫ్యాన్‌కు షియర్ పిన్ ఉంటుంది, ఏదైనా తగిలితే గేర్లు విరగకుండా ముందు ఆ పిన్ తెగుతుంది. మీ మోటర్‌కు అది ఉంటే రెండు మూడు పిన్నులు, పట్టకారు పడవలోనే పెట్టుకోండి. ఎరుపు రంగు కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజిన్ ఆగిపోతుంది) మణికట్టుకు లేదా లైఫ్ జాకెట్‌కు కట్టుకోకుండా స్టార్ట్ చేయొద్దు, మనిషి నీళ్లలో పడి పడవ తనంతట తాను పోతే దాన్ని ఈది పట్టుకోలేం.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. జలాశయంలో దిగడానికి నీటిపారుదల శాఖ అనుమతి ఒకటి. మోటర్ బిగించాక యంత్రంతో నడిచే పడవ కింద లెక్క, 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ విషయాలు అందులో ఉంటాయి. అడిగి, రాయించుకుని దిగండి. పాఖాల అయితే అభయారణ్యం, అక్కడ అటవీ శాఖను అడగకుండా పెట్రోలు మోటర్ ఆలోచనే వద్దు.

కరెంటు మోటర్ పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లు ఉన్నారు. చిన్న నిశ్శబ్ద చెరువుకు బాగుంటుంది. కానీ లెక్క చూడండి: 55 పౌండ్ల తోపుడున్న 12 వోల్టుల మోటర్ ఫుల్‌లో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది, అంటే 600 వాట్లు, ఒక హార్స్‌పవర్ 746 వాట్లు అయితే ఇది అంత కూడా కాదు. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకూడదు కాబట్టి గంట నడుస్తుంది. మా 8 క్వింటాళ్ల పడవకు ఎదురుగాలిలో అది ఏ మూలకూ చాలదు. ఇద్దరు కూర్చునే చిన్న పడవ అయితే మాత్రం తప్పకుండా ఆలోచించండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు: బకెట్‌లో పెట్టి స్టార్ట్ చేసి చూపిస్తే సంతోషపడి డబ్బులివ్వొద్దు. గేర్ ఆయిల్ కింది స్క్రూ వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీద వేసుకోండి. తెల్లగా, పాలు కలిసినట్టుంటే లోపలికి నీళ్లు పోయాయి, సీల్ పోయింది. నీటి ధార వస్తోందో లేదో చూడండి. ఇంపెల్లర్ (ఇంజిన్ చల్లబడేందుకు నీళ్లు తోడే రబ్బరు చక్రం) ఎప్పుడు మార్చారో అడగండి, జవాబు తేలకపోతే దాని ధర తగ్గించి మాట్లాడండి. షాఫ్ట్ పొడవు అమ్మేవాడి మాట వినకుండా మీ టేపుతో మీరే కొలవండి, ఆ కొలత మీ పడవకు సరిపోకపోతే ఎంత చౌకగా వచ్చినా వదిలేయండి.